గీతకు పైనున్న అంకెలు

పలుచని అల్యూమినియం రేకులో ఫ్లష్ రివెట్ (తల బయటికి పొడుచుకు రాకుండా రేకుతో సమంగా ఉండే రివెట్) ఎంత లోడ్ మోస్తుందన్న పాత వాదన విమాన మరమ్మతుల ఇంజినీర్ల మధ్య మళ్లీ రాజుకుంది. అంత పలుచని రేకుకు కూడా బలాల పట్టికలో అంకె ఉన్నప్పుడు వాడితే తప్పేమిటి, మందం పెంచితే బరువు పెరుగుతుంది కదా అంటారు కొందరు. అంకె ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదంటారు మిగతావాళ్లు.

గాలి ఒరిపిడి తగ్గించడానికి రివెట్ తలను రేకులోకి దించడం 1930లలోనే వచ్చింది. ఆ కథ అందరికీ తెలిసిందే. తేడా అంతా లెక్క దగ్గర ఉంది. తల బయటికి ఉండే రివెట్‌కు బేరింగ్ బలాన్ని (రివెట్ ఒత్తిడికి రంధ్రం అంచు నలగకుండా తట్టుకునే బలం) రివెట్ వ్యాసంతో, రేకు మందంతో గుణిస్తే చాలు. కౌంటర్‌సంక్ గుంటలో, అంటే తల కూర్చోవడానికి రేకులో ఏటవాలుగా తొలిచిన గుంటలో, అలా కుదరదు. లోడ్ పడగానే తల పక్కకు వాలుతుంది, గుంట అంచు నలుగుతుంది. అందుకే రకరకాల మందాల రేకులను రివెట్లతో కలిపి జాయింట్లు చేసి, లాగి చూస్తారు. తెగినప్పటి లోడ్ల సగటును 1.15తో భాగించి పట్టికకు అంకె తీస్తారు. రివెట్ వ్యాసంలో 4 శాతం మేర జాయింట్ శాశ్వతంగా జరిగిపోయే లోడ్‌ను యీల్డ్ అంటారు.

విమాన లోహాల బలాలిచ్చే అమెరికా సైనిక గ్రంథం మిల్ హ్యాండ్‌బుక్ 5 పట్టికల్లో (ఇప్పుడు దాని స్థానంలో ఎంఎంపీడీఎస్ అనే గ్రంథం ఉంది) నిలువు వరసకు అడ్డంగా ఒక గీత ఉంటుంది. దానికి పైనున్నవి నైఫ్ ఎడ్జ్ అంకెలు, అంటే గుంట రేకు అడుగుదాకా దిగి అంచు కత్తిలా మిగిలినప్పటివి. అలాంటి జాయింట్ వాంఛనీయం కాదనీ, సైనిక విమానాల్లో వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలనీ కింద స్పష్టంగా రాసి ఉంది. వాడుకలో ఉన్న నియమం ప్రకారం గుంట లోతు రేకు మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. 1/8 అంగుళం రివెట్ తల లోతు 0.042 అంగుళాలు. అంటే రేకు మందం కనీసం 0.063 అంగుళాలు ఉండాలి.

ఇవన్నీ ఒక్కసారి లాగి తెంపిన పరీక్షల అంకెలు. వేల సార్లు లాగి వదిలితే ఏమవుతుందో వాటిలో లేదు. అది 1988 ఏప్రిల్ 28న అందరి కళ్లకూ కట్టింది. 89,680 సార్లు ఎగిరిన అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లోనే 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ చనిపోయారు. దాని స్కిన్ (బయటి రేకు) మందం 0.036 అంగుళాలు, రివెట్ గుంట రేకు మందమంతా దిగి ఉంది. రేకుల అతుకులో లోడ్ మోయాల్సిన జిగురు ఊడాక భారం రివెట్ల మీద పడింది. పగుళ్లు ఆ కత్తి అంచుల దగ్గరే మొదలయ్యాయి.

మందం పెంచితే బరువు పెరుగుతుందన్న మొదటి పక్షం మాట నిజమే. కానీ 737 డిజైన్‌లో ఆ బరువును ఈ ప్రమాదానికి ఎన్నో ఏళ్ల ముందే ఒప్పుకున్నారు. తయారీలో 292వ విమానం నుంచి ల్యాప్ జాయింట్‌కు (ఒక రేకు అంచు మీద ఇంకోటి పరిచి చేసే అతుకు) ఇంకో పొర కలిపారు. దాంతో అక్కడ కత్తి అంచు పోయింది. అలోహా విమానం అంతకు ముందు తయారైంది.