మూడు సెల్స్, నాలుగు సన్న వైర్లు

మూడు లిథియం అయాన్ సెల్స్‌ని సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపి హాబీ చార్జర్‌కి, అంటే సెట్టింగ్స్ మనమే ఎంచుకునే చార్జర్‌కి, పెట్టామనుకోండి. కాసేపటికి తెర మీద 12.60 వోల్టులు కనిపించింది. నిండిన ఒక్కో సెల్‌కి 4.20 చొప్పున లెక్క సరిపోయింది, చార్జింగ్ అయిపోయిందనుకుంటాం. ఇప్పుడు మల్టీమీటర్‌తో ఒక్కో సెల్‌నీ విడిగా చూస్తే 4.10, 4.10, 4.40 అని రావచ్చు. కూడితే ఇవీ 12.60 వోల్టులే!

ఆ మూడో సెల్‌ది చిన్న తేడా కాదు. చార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ప్లస్ వైపు నుంచి మైనస్ వైపుకి వెళ్లి అక్కడి గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకుంటాయి. పొరలు నిండాక కూడా నెడుతూ పోతే, చోటు దొరకని లిథియం లోహంగా మారి గ్రాఫైట్ పైన పేరుకుంటుంది. అవతల, లిథియం మరీ ఎక్కువగా ఖాళీ అయిన ప్లస్ ఎలక్ట్రోడ్ నిలకడ కోల్పోతుంది, వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది. రెండింటినీ విడదీసే పాలిథిన్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కరిగితే సెల్ లోపలే షార్ట్. అక్కడి నుంచి వేడి తనంతట తానే పెరుగుతూ పోతుంది, చార్జర్ ఆపేసినా ఆగదు.

సిరీస్‌లో అన్ని సెల్స్ గుండా ఒకే కరెంట్ వెళుతుంది. ఒక సెల్ కెపాసిటీ కాస్త తగ్గి ఉన్నా, మొదట్లోనే మిగతావాటికన్నా ఎక్కువ చార్జ్ ఉన్నా అదే ముందు నిండుతుంది. రెండు లావు వైర్లు మాత్రమే కలిపితే చార్జర్‌కి మొత్తం తప్ప ఇంకేమీ తెలియదు. బ్యాలెన్స్ కనెక్టర్ ఉన్నది ఇందుకే. మూడు సెల్స్ ప్యాక్‌కి నాలుగు సన్న వైర్లు, నాలుగు సెల్స్‌కి ఐదు. పక్కపక్క వైర్ల మధ్య వోల్టేజ్ కొలిచి చార్జర్ ఒక్కో సెల్ పరిస్థితి విడిగా తెలుసుకుంటుంది. ముందుకు పోయిన సెల్ నుంచి కొద్దిగా కరెంట్‌ని రెసిస్టర్ గుండా వేడిగా ఖర్చు చేసి, వెనకబడ్డవాటికి అందుకునే సమయం ఇస్తుంది.

ఇలా ఖర్చు చేసే కరెంట్ మామూలు చార్జర్లలో కొన్ని వందల మిల్లీ ఆంపియర్లే, కొన్నిట్లో ఇంకా తక్కువ. అందుకే తేడా ఎక్కువుంటే బ్యాలెన్సింగ్‌కి గంటలు పడుతుంది. విసుగొచ్చి బ్యాలెన్స్ మోడ్ తీసేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ప్రతిసారీ అంత సేపు పడుతోందంటే ఆ ప్యాక్‌లో ఒక సెల్ పాడవుతున్నట్టే.

సిరీస్‌తో ఇంత తలనొప్పి ఎందుకు, ప్యారలల్‌లో (ప్లస్‌లన్నీ ఒకవైపు, మైనస్‌లన్నీ ఒకవైపు కలిపి) పెడితే అన్నీ ఒకే వోల్టేజ్‌లో ఉంటాయి కదా అనిపిస్తుంది. నిజమే, కానీ కలిపే ఆ క్షణంలోనే ప్రమాదం ఉంది. ఒక సెల్ 4.1 వోల్టుల దగ్గర, ఇంకొకటి 3.5 దగ్గర ఉన్నాయనుకుందాం. తేడా 0.6 వోల్టులు. రెండు సెల్స్ లోపలి రెసిస్టెన్స్, హోల్డర్, వైర్లు అన్నీ కలిపి 60 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, 0.6ని 0.06తో భాగించండి: 10 ఆంపియర్లు. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్‌ని నేను ఒకటిన్నర ఆంపియర్ దగ్గర చార్జ్ చేస్తాను. దానికి ఆరు రెట్లకు పైగా కరెంట్, చార్జర్ స్విచ్ వేయకముందే, ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌లోకి దూకుతుంది. దీన్ని చార్జర్ ఆపలేదు, ఎందుకంటే ఆ దారిలో చార్జరే లేదు. అందుకే ముందు అన్నీ కొలిచి, 0.05 వోల్టులకు మించి తేడా ఉన్నదాన్ని పక్కన పెట్టి విడిగా చార్జ్ చేస్తాను. ప్లస్, మైనస్ తిరగేసి పెట్టడం సంగతి చెప్పనక్కర్లేదు, అది నేరుగా షార్టే.

ఇక సెట్టింగ్స్. లైపో (లిథియం పాలిమర్), లి-అయాన్ (లిథియం అయాన్), లైఫ్ అని చార్జర్ మెనూలో కనిపించేవి ఒకే వస్తువుకి మూడు పేర్లు కావు. లైఫ్ అంటే ఐరన్ ఫాస్ఫేట్ సెల్, అది 3.6 వోల్టుల దగ్గరే నిండుతుంది. లి-అయాన్ మోడ్ చాలా చార్జర్లలో 4.1 దగ్గర, లైపో 4.2 దగ్గర ఆగుతాయి. అన్నిటికన్నా నాకు టెన్షన్ పుట్టించేది నికెల్ మోడ్. నికెల్ సెల్ నిండాక దాని వోల్టేజ్ కాస్త పడుతుంది, ఆ మోడ్‌లో చార్జర్ ఆ పడిపోవడం కోసమే ఎదురుచూస్తుంది. లిథియం సెల్‌లో అలా పడదు కాబట్టి వోల్టేజ్ 4.2 దాటి పైకి పోతూనే ఉంటుంది. స్టార్ట్ నొక్కేముందు మెనూలో రసాయనం పేరు, సెల్స్ సంఖ్య, కరెంట్ పైకి చదువుకోండి.

చార్జింగ్ కాలని నేల మీద, కళ్ల ముందు జరగాలి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, చలిలో అయాన్లు గ్రాఫైట్ లోపలికి త్వరగా దూరలేక లోహంగా పేరుకుంటాయి. మధ్యలో సెల్ పక్కన చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండొచ్చు. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా వేడిగా తగిలితే వెంటనే ఆపండి.

విడి సెల్స్‌ని చార్జింగ్ అయ్యాక హోల్డర్‌లోంచి తీసి, ఒక్కోదాని మీద వోల్టేజ్, తేదీ మార్కర్‌తో రాసి వారం పక్కన పెడతాను. తర్వాత మళ్లీ కొలిస్తే రెండు 4.17 దగ్గరే ఉండి, ఒకటి 4.02కి దిగి ఉంటే అది లోపల్లోపలే కారిపోతోంది. దాన్ని మళ్లీ ఏ ప్యాక్‌లోనూ పెట్టను. ప్లస్, మైనస్ చివర్లకు టేప్ చుట్టి బ్యాటరీల రీసైక్లింగ్‌కి పంపేస్తాను.