ఎండాకాలం నీళ్లు అడగని ఐరిస్

కాలిఫోర్నియా తీరంలో వానాకాలం అంటే చలికాలమే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తడి, ఆ తర్వాత నెలల తరబడి చినుకు ఉండదు. మృగశిర కార్తెతో ఏరువాక సాగే మనకు ఇది తలకిందుల లెక్క. అక్కడి డగ్లస్ ఐరిస్ ఈ లెక్కకు అలవాటుపడిన మొక్క. శాంటా బార్బరా నుంచి ఆరెగాన్ దాకా, సముద్రపు గాలి తగిలే గడ్డి కొండల మీద ఊదా, లేత నీలం, తెలుపు రంగుల్లో పూస్తుంది.

వేసవిలో కాయలు ఎండి విచ్చుకుంటాయి. లోపల మిరియం గింజంత గోధుమరంగు విత్తనాలు. అవి వెంటనే మొలవవు. కొన్ని వారాలపాటు చల్లని తేమ తగిలితేనే నిద్ర వదులుతాయి. దారితప్పి వచ్చిన ఒక్క వానకు మొలిస్తే ఆ తర్వాత ఎండకు మాడిపోవాల్సిందే కదా! అందుకే ఈ జాగ్రత్త.

కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఫ్రీమాంట్ నగరాల్లో పెరడున్న తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా పెంచి చూడాలి. అక్టోబరు, నవంబరుల్లో లోతైన కుండీలో, నీళ్లు నిలవని మట్టిలో విత్తి, పైన సెంటీమీటరు మట్టి కప్పి, ఆరుబయట వానకు వదిలేయండి. వాన లేని రోజుల్లో మట్టి ఆరనివ్వకండి. చలికాలం చివర్లో సన్నటి ఆకులు పైకొస్తాయి. చూస్తే గడ్డి అనిపిస్తుంది, పీకేయకండి. మొదటి వేసవిలో ఈ పిల్లమొక్కలకు కాస్త నీడ, అప్పుడప్పుడు కొద్దిగా నీళ్లు చాలు.

నేలలోకి మార్చడానికి మళ్లీ వానల దాకా ఆగాలి. దుంప అడుగున తెల్లటి కొత్త వేళ్లు కనిపిస్తేనే మొక్కను కదపాలి. అప్పుడే అది కొత్త మట్టిలో నిలదొక్కుకుంటుంది. శాన్ హోసే, ఫ్రీమాంట్‌లలో తీరం కంటే ఎండ ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం నీడ పడే చోటు చూసుకోండి. వేళ్లూనుకున్న మొక్కకు నడివేసవిలో జాలిపడి రోజూ నీళ్లు పోస్తే, వెచ్చటి తడిమట్టిలో దుంప కుళ్లిపోతుంది.

పువ్వు కోసం రెండు మూడేళ్లు పడుతుంది. పక్కనున్న దగ్గరి బంధువులైన ఐరిస్ జాతులతో ఇది తేలిగ్గా సంకరమవుతుంది కాబట్టి ఏ మొక్క ఏ రంగులో పూస్తుందో ముందే చెప్పలేం. తల్లిమొక్కలాంటి పువ్వే కావాలంటే దుంప విడదీసి నాటుకోవచ్చు. నేనైతే విత్తనమే వేయమంటాను. మరెవరి పెరట్లోనూ లేని పువ్వు దొరికేది అలాగే.