గటక పోయింది, గోలీల సంచి వచ్చింది

పాలమూరు ఊళ్లలో చాలా ఇళ్లల్లో గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంటుంది. పొద్దున బీపీ గోలీ, తిండికి ముందు షుగరు గోలీ, మధ్యలో గ్యాస్ గోలీ. చదువురాని అవ్వలు స్ట్రిప్పు రంగు చూసి గుర్తుపడతారు. కంపెనీ మారి రంగు మారిందా, ఆ నెలంతా తారుమారే.

ఇది ఒకప్పుడు బక్కపలచని మనుషుల జిల్లా. జొన్న గటక తాగి, వలసపోయి, ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి మోసినవాళ్లు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. అటు నల్లగొండలో సాగర్ ఎడమ కాలువ కింద, చాలా ఏళ్లకు ఇటు కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి పెరిగింది, జొన్న చేన్లు తగ్గాయి. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాకపోతే కంచంలో అన్నం కుప్ప అట్లనే ఉంది, మట్టిపని మాత్రం జేసీబీకి పోయింది. పైగా తల్లికి తిండి చాలక తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు, పెద్దయ్యాక బొజ్జ వస్తే షుగరు ముప్పు ఎక్కువ. కరువులో పుట్టినోళ్లకు రెండువైపులా దెబ్బే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 15-49 ఏళ్లవాళ్లలో పదిమందికి ముగ్గురు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు.

ఖర్చు సంగతికొస్తే, 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు గుండె ఆపరేషనంటే ఎకరమో అరెకరమో అమ్ముకోవడమే. ఆ భయం చాలావరకు తగ్గింది. పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది కూడా. కానీ ఆ కార్డు పనిచేసేది దవాఖానలో మంచమెక్కాకనే. మంచమెక్కకుండా కాపాడే గోలీకి, రక్తపరీక్షకు పనికిరాదు. బీపీ, షుగరు కోసం జాతీయ కార్యక్రమం 2010లోనే మొదలైనా ఊరి దాకా రావడానికి ఏళ్లు పట్టింది. సర్కారు దవాఖానలో గోలీలు ఉచితమే, ఉన్ననాడు. లేనినాడు మెడికల్ షాపే, చేతిలో పైసల్లేకపోతే ఆ నెలకు గోలీ బంద్.

అట్లా ఆపుకుంటూ పోతే కిడ్నీల దాకా వస్తుంది. డయాలసిస్ వారానికి మూడుసార్లయితే ఏడాదికి 156 సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మిషను ఖర్చు సర్కారుదే. ఊరి నుంచి పట్నానికి ఆటో కిరాయి మాత్రం ఇంటోళ్లదే. తోడు ఒకరు పోవాలి కాబట్టి ఇద్దరికీ కలిపి ఏడాదికి 312 కూలీలు పోతాయి. వీటిని ఏ పద్దులోనూ రాయరు.