బడి తలుపు తెరవాలంటే: ఒక్కో కాగితం వెనుక ఒక్కో చరిత్ర

కొత్తగా ప్రైవేటు బడి పెట్టాలనుకునేవారికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మొదట తెలిసివచ్చే సంగతి ఒకటుంది. పర్మిషన్ వేరు, గుర్తింపు వేరు. మొదటిది బడి పెట్టడానికి. రెండోది ఆ బడి ఇచ్చే టీసీ ఇంకోచోట చెల్లడానికి, పిల్లలు ఆ బడి పేరుతో పదో తరగతి పరీక్ష రాయడానికి. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడుల ఫైలు డీఈవో ఆఫీసుకు, హైస్కూలు ఫైలు ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకుడు) ఆఫీసుకు వెళ్తుంది. ఫైల్లో సొసైటీ రిజిస్ట్రేషన్, భవనం లీజు పత్రం, ప్లాను, ఇంజినీరు ఇచ్చిన పటిష్ఠత సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఆటస్థలం కాగితాలు, టీచర్ల అర్హత పత్రాలు, బ్యాంకు డిపాజిట్ రసీదు ఉండాలి. ఈ జాబితా ఒక్క రోజులో, ఒక్కరి ఆలోచనతో తయారైంది కాదు. ఎప్పుడో జరిగిన ఒక తగాదానో, ఒక ఘోరమో, ఒక కోర్టు తీర్పో ఒక్కో కాగితాన్ని అందులో చేర్చింది.

రెండు వందల ఏళ్ల కిందట ఇవేవీ లేవు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ ఊరూరా బడులు లెక్కపెట్టించమన్నాడు. 1826లో ఆ లెక్కలన్నీ కలిపి చూస్తే మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు తేలాయి. వాటిలో చాలావరకు పంతులుగారి అరుగు మీదో, గుడి మండపంలోనో, చెట్టు నీడనో నడిచే వీధిబడులు. ఊరివాళ్లు పిల్లల్ని పంపి, పంతులుకు గింజలో డబ్బులో ఇస్తే అదే గుర్తింపు. ఆ రోజుల్లోనే సి.పి. బ్రౌన్ కడపలో 1821లో, మచిలీపట్నంలో 1823లో సొంత ఖర్చుతో ఉచిత పాఠశాలలు పెట్టాడు. అయితే ఆ వీధిబడుల్లో ఆడపిల్లలు దాదాపు కనిపించేవారు కాదు, కింది కులాల పిల్లలకు చాలాచోట్ల చోటు ఉండేది కాదు. అనుమతులు లేని కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

సర్కారు చేయి బడి మీద పడింది 1854లో, వుడ్స్ డిస్పాచ్ అనే బ్రిటిష్ విద్యావిధాన పత్రంతో. ప్రతి రాష్ట్రానికీ విద్యాశాఖ పెట్టాలనీ, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వాలనీ అందులో రాశారు. గ్రాంటు కావాలంటే తనిఖీకి ఒప్పుకోవాలి, నిబంధనలు పాటించాలి. ఇన్‌స్పెక్టరు బడికి రావడం, రిజిస్టర్లు చూడడం అక్కడినుంచి మొదలైంది. అంటే గుర్తింపు అనే మాట మొదట డబ్బుతో ముడిపడి పుట్టింది. సర్కారు సొమ్ము తీసుకోనివాడు తన బడి తాను నడుపుకోవచ్చు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల తెరిచినప్పుడు ఆయనకు అడ్డొచ్చింది ఆఫీసులు కాదు, ఊళ్లోని ఛాందసం.

నిజాం రాజ్యంలో కథ వేరు. అనుమతి అనే మాటకు అక్కడ ఇంకో అర్థం ఉండేది. 1920లలో హైదరాబాద్ సంస్థానం ముందస్తు అనుమతి లేనిదే ఖాన్గీ బడులు, అంటే ప్రైవేటు బడులు, పెట్టరాదని కట్టడి చేసింది. తెలుగు బడులు మూతపడే పరిస్థితి వచ్చింది. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నడపబోతే, ఆ మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. చివరికి పుణెలో ధొండో కేశవ్ కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం నుంచి గుర్తింపు తెచ్చుకున్నారు. హైదరాబాద్ ఆడపిల్ల తన తల్లిభాషలో చదివి పరీక్ష రాయాలంటే మరో రాష్ట్రంలోని సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలైన నాటినుంచీ ఖాన్గీ బడుల మీద ఆంక్షలు తొలగించాలన్నది తెలంగాణ ప్రజల ప్రధాన కోరికల్లో ఒకటి. అనుమతి కాగితం పిల్లల్ని కాపాడగలదు, వాళ్ల చదువునూ ఆపగలదు. ఈ రెండో ముఖాన్ని తెలంగాణ దగ్గరగా చూసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆంధ్రలో మద్రాసు నాటి చట్టాలు, తెలంగాణలో హైదరాబాద్ నాటి చట్టాలు చాలాకాలం నడిచాయి. అన్నిటినీ ఒక్కచోటికి తెచ్చింది 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం. దానిలోని 20వ సెక్షన్‌ను ఈ రంగంలో ఉన్నవాళ్లు కూడా పూర్తిగా చదవరనిపిస్తుంది. ముందు అధికారులే సర్వే చేసి, ఏ ప్రాంతంలో బడి అవసరమో గుర్తించాలి. తరువాత పత్రికల్లో ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలవాలి. దరఖాస్తు పెట్టినవారు అక్కడ బడి అవసరం ఉందనీ, తమ దగ్గర డబ్బు, స్థలం, అర్హత గల టీచర్లు ఉన్నారనీ చూపాలి. చట్టం మొదటి ప్రశ్న భవనం గురించి కాదు, ఊరి అవసరం గురించి. ఆ ప్రశ్నే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఆచరణలో అన్నిటికంటే ముందు పక్కకు వెళ్లిపోయిందీ అదే.

ఎందుకంటే 1980లలో ఇంగ్లీషు మీడియం కాన్వెంట్లు పట్నాల నుంచి మండల కేంద్రాలదాకా పాకాయి. చదువు వ్యాపారమవుతోందన్న ఆందోళన పెరిగింది. 1987 సవరణతో ఒక వ్యక్తి సొంత పేరుతో బడి పెట్టే వీలు పోయింది. ఫైల్లో సొసైటీ లేదా ట్రస్టు పత్రం ఉండడానికి కారణం ఇదే. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు వచ్చింది. వృత్తివిద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల (సీటు కోసం అదనంగా గుంజే సొమ్ము) మీద మొదలైన ఈ కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. ఏడాది తిరక్కముందే, 1994 జనవరి 1న, రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు బడుల నిబంధనలు తెచ్చింది. అదే టీచర్లూ యాజమాన్యాలూ తల్లిదండ్రులూ ఈనాటికీ ఉటంకించే 'జీవో 1'. ఫీజుల ఆదాయంలో యాజమాన్యం 5 శాతమే ఉంచుకోవాలనీ, సగం జీతాలకే పోవాలనీ అందులో ఉంది. ఆ లెక్క ఎన్ని బడుల్లో అమలవుతోందో ఆ బడుల టీచర్లను అడిగితే చెబుతారు.

2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం విద్యాసంస్థ పెట్టడం కూడా హక్కేననీ, గ్రాంటు తీసుకోని బడుల నిర్వహణలో సర్కారు జోక్యానికి హద్దులుండాలనీ చెప్పింది. ఆ తరువాత ఫీజుల మీద వచ్చిన జీవోలు కోర్టుల్లో నిలబడడం కష్టమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో వచ్చిన 53వ నంబరు జీవోను ఆ డిసెంబరులోనే హైకోర్టు కొట్టేసింది.

ఫైర్ ఎన్‌వోసీ విషయంలో మాత్రం నాకు ఏ వాదనా వినాలని ఉండదు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడి వంటింట్లో లేచిన మంట ఆకుల పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఒకే భవనంలో మూడు బడులు నడిచేవి. ఆ ఘోరం మీద దాఖలైన అవినాశ్ మెహ్రోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన బడిలో చదువుకోవడం కూడా విద్యాహక్కులో భాగమేనని చెప్పింది. మన దగ్గర 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 6 మీటర్లకు మించిన ఎత్తులో గానీ ఉన్న బడి భవనానికి ఎన్‌వోసీ కావాలి. అపార్టుమెంటు కోసం కట్టిన భవనంలో, ఒకే మెట్లదారితో, నాలుగో అంతస్తులో యూకేజీ నడిపే చోట్ల ఈ కాగితం కోసం యాజమాన్యాలు ఎంత విసుక్కున్నా సరే, సడలించడానికి వీల్లేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం గుర్తింపును కొత్త మెట్టు ఎక్కించింది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10 వేలు. అన్ని కాలాల్లో నిలిచే భవనం, టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ తప్పనిసరి. ఈ ప్రమాణాలు సర్కారు బడికీ వర్తిస్తాయి, కానీ గుర్తింపు పత్రం తీసుకోవలసింది మాత్రం ప్రైవేటు బడే. ప్రహరీ లేని సర్కారు బడి పక్కనే నిలబడి ప్రహరీ లేదని ప్రైవేటు బడికి నోటీసు ఇస్తే, ఆ మాటకు బలమెక్కడుంటుంది?

పర్మిషన్ కోసం నెలల తరబడి ఆగలేక, అడ్మిషన్ల కాలం దాటిపోతుందని, బడి తెరిచేసి ఫైలు తరువాత కదిపేవాళ్లు ఎక్కువ. జూన్‌లో బ్యానరు కడతారు, ఆ తరువాత నోటీసు వస్తుంది. గుర్తింపు రాకపోతే పదో తరగతి పిల్లల పేర్లు మరో బడి రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఆ పిల్లవాడి టీసీ మీద అతడు ఒక్కరోజు కూడా కూర్చోని బడి పేరు ఉంటుంది. ఫీజు కట్టిన తండ్రికి ఆ సంగతి తెలిసేది హాల్‌టికెట్ చేతికి వచ్చినప్పుడు.

అందుకే 20వ సెక్షన్‌లోని సర్వే మాటను బయటికి తీయాలంటున్నాను. ఏ మండలంలో ఎందరు పిల్లలు, ఎన్ని బడులు, ఎన్ని సీట్లు అన్న లెక్క యూడైస్ అనే బడుల వివరాల డేటాబేస్ రూపంలో విద్యాశాఖ చేతిలోనే ఉంది. ఏటా వేసవికి ముందే జిల్లాల వారీగా ఆ లెక్క వేసి, ఎక్కడ బడి కావాలో ప్రకటించి, అక్కడికే దరఖాస్తులు పిలిచి, ఇంజినీరూ ఫైరు అధికారీ శానిటరీ అధికారీ ఒకేరోజు ఒకేసారి భవనం చూసివెళ్తే, అవునో కాదో జూన్‌లోపే తేలిపోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.