పందిరి లేని పాదు

పిల్లలూ,

మొన్న చిట్టి ఫోనులో అడిగింది: “తాతయ్యా, సినిమా తీస్తే జైల్లో పెడతారా?”

పెట్టారమ్మా. ఇరాన్‌లో జాఫర్ పనాహీ అనే దర్శకుడున్నారు. స్టేడియం గుమ్మంలో ఆడపిల్లవని తన కూతుర్ని ఆపేస్తే, మగపిల్లల వేషం వేసుకుని ఫుట్‌బాల్ చూడబోయిన ఆడపిల్లల మీద 2006లో ‘ఆఫ్‌సైడ్’ తీశారు. ఇలాంటివి ఏలినవారికి గిట్టలేదు. 2010లో 6 ఏళ్ల జైలు వేసి, 20 ఏళ్లు సినిమా తీయకూడదన్నారు.

మా అమ్మ పెరట్లో బీరపాదు పెట్టింది. గడ్డివామి కోసం నాన్న పందిరి పీకేశారు. పాదు ఊరుకుందా? గోడెక్కింది. సున్నం వేసేవాళ్లు లాగేస్తే మునగచెట్టు ఎక్కింది. పనాహీ కూడా అంతే. బయట తీయవద్దంటే ఇంట్లోనే తీసి, ‘ఇది సినిమా కాదు’ అని పేరు పెట్టారు. తరువాత కారులో కెమెరాలు బిగించి, తానే టాక్సీ నడుపుతూ తీశారు. దానికి 2015లో బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వస్తే, దేశం దాటనివ్వలేదు కనుక మేనకోడలు అందుకుంది. మా బీరకాయలూ పొరుగింటి పెరట్లోనే కాసేవి. ఆవిడ రెండు మాకు పంపేది, అవి కాస్త చేదు... సరే, పాదును ఇక వదిలేస్తాను. పాదుకు భయం తెలియదు, ఆయనకు తెలుసు. 2022లో మళ్లీ జైల్లో పెట్టారు, నిరాహార దీక్షకు దిగాక వదిలారు. 2025లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవానికి స్వయంగా వెళ్లి అక్కడి అత్యున్నత బహుమతి అందుకున్నారు.

మీరు మాత్రం ఆయన మొదటి సినిమా ‘వైట్ బెలూన్’తో మొదలుపెట్టండి. 1995 నాటిది. కొత్త సంవత్సరానికి బంగారు చేప కొనుక్కోవాలని ఏడేళ్ల పిల్ల నోటు పట్టుకుని బయలుదేరుతుంది. అది కాస్తా వీధిలో ఇనుప జాలీ కింద పడుతుంది. నేనూ ఒకసారి మురుగుకాలువ పలకల సందులో పావలా పడేసుకున్నాను. కర్రకు తుమ్మజిగురు రాసి, బోర్లా పడుకుని, మధ్యాహ్నమంతా పొడిచాను. జిగురుకు పావలా తప్ప అన్నీ అంటుకున్నాయి. సినిమాలో ఒక అఫ్గాన్ కుర్రాడి బుడగల కర్ర చివర చూయింగ్ గమ్ అంటించి నోటు తీస్తారు. అది కనబడగానే ఈ వయసులోనూ నా చొక్కా ముందు వైపు చూసుకున్నాను.

నోటు దొరికి, చేప కొని అన్నాచెల్లెళ్లు ఇంటికి వెళ్లిపోతారు. అప్పుడే లేవకండి. వీధిలో ఇంకా ఎవరున్నారో చూసి, నాకు జాబు రాయండి.

మీ తాతయ్య