అపోహలు – వాస్తవాలు: చర్మానికి కుట్లు పడ్డాయి, నరం సంగతి ఎవరు చూశారు?

పోయిన వారం నరాల పరీక్షకి ఒక కుర్రాడొచ్చాడు. పది నెలల కిందట అద్దం పలక దించుతుంటే జారి కుడి మోచెయ్యి లోపలి పక్క లోతుగా తెగింది. ఊళ్లో కుట్లు వేశారు. పది రోజుల్లో గాయం మానింది. చిటికెన వేలు మొద్దుగా ఉందంటే "నరం కదా బాబూ, నెమ్మదిగా అదే వస్తుంది" అన్నారట. ఆ తర్వాత వారానికి రెండు చొప్పున బలం ఇంజక్షన్లు. వాళ్లమ్మ ఆ చీటీలన్నీ బ్రెడ్డు కవర్లో జాగ్రత్తగా దాచి తెచ్చింది. అబ్బాయి చెయ్యి నా బల్ల మీద పెట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ గుంటపడిపోయింది. చివరి రెండు వేళ్లూ కొక్కేల్లా వంగిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం రావట్లేదు.

"ఇంకా ఎన్ని చేయించమంటారు సార్?" అని అడిగిందావిడ.

ఏడాదిలో నాలుగైదుసార్లు వింటాను ఈ ప్రశ్న. అందుకే రాస్తున్నా.

మొదలుపెట్టేముందు మాట గురించి ఒక మాట. మనకి అన్నీ నరాలే. సెలైన్ పెట్టేదీ నరానికే, పిక్క పట్టేసినా నరమే, వేలు వంచే టెండాన్ (కండని ఎముకకి కట్టే తాడు) తెగినా నరమే. గోడల మీద రాసే "నరాల బలహీనత"కీ నా ఓపీకీ సంబంధం లేదు, దయచేసి దానికోసం రాకండి. నేను చెప్పేది స్పర్శనీ కదలికనీ మోసే నరం గురించి.

అపోహ: తెగిన నరం దానంతటదే అతుక్కుంటుంది, ఆర్నెల్లు చూద్దాం.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంకా చావలేదు. నరం దెబ్బల్ని సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ 1943లోనే మూడు రకాలుగా విడదీశాడు. నలిగి మొద్దుబారింది వారాల్లో తేరుకుంటుంది. లోపలి తంతువులు తెగినా పై తొడుగు నిలిస్తే అది కూడా మెల్లగా వస్తుంది. మొత్తంగా రెండు ముక్కలైంది మాత్రం రాదు. రాత్రి చెయ్యి మడిచి పడుకుంటే లేచేసరికి మణికట్టు వాలిపోయినవాడికి "ఆగి చూద్దాం" సరైన సలహా. అద్దమో కొడవలో దిగి, ఆ కింద స్పర్శ పోయినవాడికి అదే సలహా ఇస్తే వాడి చెయ్యి పోతుంది.

ఎందుకు పోతుందో తెలియాలంటే తెగిన చోటు దిగువన ఏం జరుగుతుందో చూడాలి. 1850లో వాలర్ అనే ఆయన కప్ప నాలుకకి వెళ్లే నరాలు కోసి చూశాడు. కోతకి అవతలున్న తంతువు ముక్కచెక్కలైపోయింది. తిండి అందక ఎండిపోయిందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు తెలిసింది వేరు. ఆ తంతువునే ఆక్సాన్ అంటాం. ఆక్సాన్‌లోనే సార్మ్1 అనే ఎంజైము నిద్రపోతూ ఉంటుంది. నాడీకణం నుంచి రావాల్సిన ఎన్‌మ్నాట్2 అనే ఇంకో ఎంజైము ఆగిపోగానే సార్మ్1 లేచి, అక్కడున్న ఎన్ఏడీ (కణం శక్తికి కావాల్సిన పదార్థం) నిల్వంతా తినేసి, ఆక్సాన్‌ని లోపల్నుంచే కూల్చేస్తుంది.

ఇక్కడ నరానికి తోడుండే ష్వాన్ కణాలు రంగంలోకి దిగుతాయి. అప్పటిదాకా ఆక్సాన్ చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టి కూర్చున్నవి, అది పోగానే ఉద్యోగమే మార్చేసుకుంటాయి. మైలిన్ పని నడిపే క్రాక్స్20 అనే ప్రోటీన్ పడిపోతుంది, మరమ్మతు పని నడిపే సి-జున్ లేస్తుంది. తాము చుట్టిన మైలిన్‌ని తామే అరిగించుకుంటాయి. మిగతా చెత్త ఎత్తడానికి సీసీఎల్2 అనే సంకేతం వదిలి మాక్రోఫేజ్‌లకి (చెత్త మింగే రక్షక కణాలకి) కబురు పెడతాయి. తర్వాత సన్నగా సాగి, బారులు తీరి, జీడీఎన్ఎఫ్, బీడీఎన్ఎఫ్ లాంటి పోషక ప్రోటీన్లు వదులుతూ పైనుంచి వచ్చే కొత్త తంతువుకి దారి పరుస్తాయి. ఆ బారుల్నే బ్యూంగ్నర్ బ్యాండ్లంటాం. ఎలుకల్లో ఒక్క ష్వాన్ కణాల నుంచే సి-జున్ తీసేసి చూశారు (లండన్‌లో జెసెన్, మిర్స్‌కీల బృందం, 2012). మిగతావన్నీ ఉన్నా నరం సరిగ్గా తిరిగి రాలేదు.

అయితే ఈ పందిరి వేసినవాళ్లు ఎల్లకాలం కూర్చోరు. పెళ్లివారు నెలల తరబడి రాకపోతే ఒక్కొక్కరే లేచిపోతారు. సి-జున్ తగ్గుతుంది, ఆ పోషక ప్రోటీన్లు తగ్గుతాయి, ష్వాన్ కణాలే పలచబడతాయి. వయసు మళ్లినవాళ్లలో మొదటినుంచే జోరు తక్కువ. అవతల కండరమూ ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం చేరినా అది పట్టుకోలేదు.

ఇప్పుడు లెక్క వేయండి. కొత్త తంతువు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. మోచెయ్యి నుంచి ఆ గుంటపడిన కండదాకా ముప్ఫై సెంటీమీటర్లు. అంటే మూడు వందల రోజులు, పది నెలలు. గాయమైన వారంలో నరం కుట్టి ఉంటే అబ్బాయికి ఈపాటికి అందేది. ఇవాళ కుడితే ఇంకో పది నెలలు, మొత్తం ఇరవై. ఆవిడకి ఇదంతా కాగితం మీద గీత గీసి చూపించాను. నా వంక కాదు, ఆ గీత వంకే చూస్తూ కూర్చుంది. దారులు పూర్తిగా మూసుకుపోలేదు. స్పర్శకి గడువు ఇంకాస్త ఎక్కువ. పక్కనున్న మంచి నరం కొమ్మని తెచ్చి కలపడం, టెండాన్ మార్చి కట్టడం ఉన్నాయి. చేతి సర్జన్ దగ్గరికి పంపాను. కానీ పది నెలల కిందట ఉన్న చెయ్యి వేరు.

మరి ఆ ఇంజక్షన్లు? బి12 లోపం ఉంటే బి12 అమృతమే. శాకాహారులకీ ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ ఆ లోపం వస్తుంది, పరీక్ష చేయించుకోండి. అంతేగానీ తెగిన రెండు కొసల మధ్య ఖాళీని ఏ విటమినూ పూడ్చదు. వాటిలోనే కలిపి వచ్చే బి6 మోతాదు మించి నెలలకొద్దీ వాడితే అదే నరాల్ని పాడుచేస్తుంది. బలం కోసం వేయించుకున్న మందువల్ల కాళ్లు తిమ్మిరెక్కి వచ్చినవాళ్లని చూశాను.

అపోహ: నరాల టెస్ట్ నార్మల్ వచ్చింది, కాబట్టి నరం బాగుంది.

ఎప్పుడు చేశారన్నది అడగండి. ఈ తప్పు నేనే చేశాను. పీజీలో ఉండగా గాయమైన మూడో రోజు ఒకాయన్ని తెస్తే, మణికట్టు దగ్గర మాత్రం కరెంటిచ్చి, అల బ్రహ్మాండంగా వస్తే నార్మల్ అని రాసేశాను. కోతకి పైన ఇచ్చి చూడలేదు. మా ప్రొఫెసర్ రిపోర్టు నా ముందు పెట్టి "కరెంటు పోయాక కూడా ఫ్యాను రెక్కలు కాసేపు తిరుగుతాయి నాయనా" అన్నారు. తెగిన ముక్క కొద్ది రోజులు అలాగే పలుకుతుంది. సూదితో కండరంలో చేసే పరీక్ష అసలు సంగతి చెప్పాలంటే రెండు మూడు వారాలు పట్టాలి. అందాకా మీ వేలిచివర స్పర్శ ఉందో లేదో చూడటమే మంచి పరీక్ష.

అపోహ: గాయం మానింది, స్కాన్‌లో ఏమీ లేదు, ఇంకా నొప్పంటే నటనే.

మా పెద్దమ్మకి వీపు నుంచి రొమ్ము కిందిదాకా అక్కి లేచింది. కుమ్మరి చేత జాజుతో అక్కి రాయించారు. పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి. అవి రాయించినా రాయించకపోయినా ఎండుతాయి. వైరస్ మందు పనిచేసే మొదటి మూడు రోజులూ మాత్రం ఆ హడావుడిలో పోయాయి. నొప్పి మిగిలిపోయింది. చీర కొంగు తగిలితే నిప్పు తగిలినట్టు ఎగిరిపడేది. కోడళ్లు నవ్వుకునేవాళ్లు. అప్పటికి నేను ఎంబీబీఎస్ రెండో ఏడు, నేనూ నమ్మలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కి వైరస్ దెబ్బతీసేది నరాన్నే. దెబ్బతిన్న నరం వెన్నుపాములోని మైక్రోగ్లియాని (అక్కడి కాపలా కణాల్ని) రెచ్చగొడుతుంది. ఎలుకల్లో చూసింది ఇదీ: మైక్రోగ్లియా మీద పీ2ఎక్స్4 అనే గ్రాహకాలు (ఏటీపీ అనే రసాయన సంకేతాన్ని అందుకునేవి) పెరుగుతాయి (2003), అవి బీడీఎన్ఎఫ్ వదులుతాయి (2005), దాంతో నొప్పిని అదుపులో పెట్టే నాడీకణాల సంకేతమే తిరగబడుతుంది. బ్రేకు తొక్కితే బండి ఆగకపోవడం లాంటిది. గమనించారా, ష్వాన్ కణం దారి పరిచేందుకు వదిలే బీడీఎన్ఎఫే ఇక్కడ నొప్పిని పెంచుతోంది. ఆడ ఎలుకల్లో దారి కొంత వేరని 2015లో తేలింది, కాబట్టి మనుషుల్లో ఇంత సూటిగా ఉంటుందని నేననను. ఏ ఎమ్మారైలోనూ ఇది కనపడదు. కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. ఈ నరం నొప్పికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఇస్తే పిచ్చి మందులిచ్చారని ఆపేయకండి.

మిగతావి గబగబా. వాపు ఎప్పుడూ శత్రువేనా? కాదు, పైన చెప్పిన మాక్రోఫేజ్‌లు రాకపోతే చెత్త కదలదు. మూతి వంకరపోయే బెల్స్ పాల్సీకి మూడు రోజుల్లోపు వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెడితే మేలు, కుష్టులో ఉన్నట్టుండి వాపు లేచే రియాక్షన్‌లో నరాన్ని కాపాడేదీ అదే. తెగిన నరానికి మాత్రం అది కుట్టు కాదు. వెన్నుపాము దెబ్బకి స్టెమ్ సెల్ ప్యాకేజీలా? పొలం అమ్మకండి. అక్కడ ష్వాన్ కణాలు ఉండవు, మైలిన్ శిథిలాలే ఎదుగుదలను ఆపుతాయి. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎమ్ఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటివి క్లినికల్ ట్రయల్‌గా తప్ప చేయకూడదు. ట్రయల్‌లో పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు చేతిలో పెట్టారంటేనే అర్థం చేసుకోండి.

కుట్లు వేయించుకునేటప్పుడు ఒక్క పని చేయండి. మత్తు సూది వేయకముందే కళ్లు మూసుకుని, ఒక్కో వేలికొనా దూదితో తాకించుకోండి. ఏదైనా వేలు పలకకపోతే ఆ మాట చీటీలో రాయించుకుని, వారంలోపు నరం కుట్టే సర్జన్‌కి చూపించండి.

కుట్టించుకున్నవాళ్లకి ఇంకో మాట. మూడో నెలలోనో నాలుగో నెలలోనో మచ్చకి కింద వేలితో తడితే వేళ్లలోకి షాక్ కొట్టినట్టవుతుంది. రోగం ముదిరిందని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. అది కొత్త తంతువుల కొస. ఎక్కడ షాక్ కొట్టిందో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, పక్కన తారీఖు వేసుకోండి. వచ్చే నెల గుర్తు అరచేతి వైపు మూడు సెంటీమీటర్లు జరిగి ఉంటే నాకు స్వీట్లు తేవచ్చు.