కరగడం వేరు, కాలడం వేరు

బళ్లో మనలో చాలామంది బట్టీ పట్టిన వాక్యం ఒకటుంది: మళ్లీ పాత స్థితికి తేగలిగితే భౌతిక మార్పు, తేలేకపోతే రసాయనిక మార్పు. ఈ వాక్యంతో నాకు పేచీ ఉంది. గాజు గ్లాసు కిందపడి ముక్కలైతే మళ్లీ గ్లాసు చేయలేం కానీ, ప్రతి ముక్కా గాజే కాబట్టి అది భౌతిక మార్పే. అదే ఫోన్ బ్యాటరీలో జరిగేది అచ్చంగా రసాయనిక మార్పు, అయినా చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ దాన్ని వెనక్కి తిప్పుతూనే ఉన్నాం.

అసలు అడగాల్సింది ఒకటే. పదార్థం ఇంకా అదేనా, కొత్తది పుట్టిందా?

ఓ కొవ్వొత్తి వెలిగించి దగ్గర కూర్చుని చూడండి. ఒత్తి చుట్టూ మైనం కరిగి చిన్న మడుగులా నిలుస్తుంది, అది ఒత్తిలోకి పాకి పైకెక్కి వేడికి ఆవిరవుతుంది. అంతవరకూ అంతా మైనమే. మండేది ఆ ఆవిరి. మంటలో దాని అణువులు విడిపోయి, అందులోని కార్బన్, హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అవుతాయి. ఇక వాటిని చల్లబరిచినంత మాత్రాన మైనం తిరిగి రాదు.

ఇప్పుడు ఉఫ్‌మని ఊదేయండి. తెల్లటి పొగ తీగలా లేస్తుంది కదా, అది చాలావరకు చల్లబడి సన్నని రేణువులుగా మారుతున్న మైనపు ఆవిరే. వెంటనే వెలుగుతున్న అగ్గిపుల్లని ఆ తీగకి అందిస్తే (పిల్లలైతే పెద్దవాళ్లు పక్కనుండాలి), ఒత్తిని తాకకముందే మంట దాని వెంట కిందికి దూకుతుంది! శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860–61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఇస్తే, ఆరూ కొవ్వొత్తి గురించే.

పదార్థాల ధర్మాలు, అంటే గుణాలు కూడా ఇంతే. మైనం రంగు, సాంద్రత, ఎంత వేడికి కరుగుతుంది అనేవి కొలిచాక కూడా మన చేతిలో మైనం మైనంగానే ఉంటుంది, అవి భౌతిక ధర్మాలు. మండే గుణం ఉందో లేదో తెలియాలంటే మాత్రం మండించాల్సిందే, మండాక మైనం మిగలదు, అది రసాయనిక ధర్మం.

రంగు మారింది, బుడగలొచ్చాయి అని తొందరపడి తేల్చేయకండి. మరిగే నీటిలో బుడగలు నీటి ఆవిరే. ఎర్రగా కాలిన ఇనుము చల్లారితే ఆ ఎరుపు పోతుంది, తుప్పు ఎరుపు పోదు, ఎందుకంటే అక్కడ ఇనుము ఆక్సిజన్‌తో, నీటితో కలిసి వేరే పదార్థమైపోయింది.

ఉప్పు దగ్గర మాత్రం నిజంగానే చిక్కుంది. నీళ్లలో కరిగించి ఆరబెడితే ఉప్పు మళ్లీ వస్తుంది, అందుకే పుస్తకాలు భౌతిక మార్పు అంటాయి. కానీ కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఒకదాన్నొకటి వదిలేసి, విడివిడిగా నీటి అణువుల మధ్య తిరుగుతుంటాయి. వాటి మధ్య బంధం తెగింది కదా, ఇది రసాయనిక మార్పెందుకు కాదు అని అడిగే విద్యార్థి తప్పు అడగలేదు. ఈ విషయంలో రసాయన శాస్త్రం చెప్పేవాళ్లకే ఏకాభిప్రాయం లేదు.